పిల్లల టీసీ రేవులో సరుకు కాదు

విశాఖ రేవులో దిగిన సరుకుకు ఛార్జీలు కట్టకపోతే గిడ్డంగి దాటనివ్వరు. బాకీ తీరేదాకా సరుకును అట్టిపెట్టుకునే హక్కును 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకులకు, రేవు గిడ్డంగులవారికి, మరికొందరికి ఇచ్చింది. ఆ జాబితాలో బడి లేదు. అయినా ఫీజు బాకీ ఉంటే టీసీ ఆపడం చాలా ప్రైవేటు బడుల్లో ఆనవాయితీ. సరుకుకు బజారులో ధర ఉంటుంది. టీసీని వేలం వేస్తే కొనేవాడుండడు. దాన్ని ఆపి బడి సాధించేది తల్లిదండ్రుల మీద ఒత్తిడి ఒక్కటే. తమ ఫీజు కోసం క్లయింటు ఫైలు ఆపే హక్కు వకీళ్లకే లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది.

ఇంటిపెద్ద ఐపీ (దివాలా పిటిషన్) పెట్టినప్పుడు ఈ ఒత్తిడి ఇతర అప్పులవాళ్లకూ అన్యాయమే. విశాఖలోని గాజువాకలో ఎన్నో కొట్లు, అద్దెలు, ఫీజులు ఉక్కు ఫ్యాక్టరీ జీతాల మీదే నడుస్తాయి. 2024లోలా జీతాలు ఆలస్యమైతే అప్పులు పేరుకుంటాయి. మామూలు మనిషి దివాలాకు మన దగ్గర నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. కోర్టు దివాలా ప్రకటించాక ఆస్తి రిసీవర్ చేతికి వెళ్తుంది. కోర్టు అనుమతి లేనిదే తాకట్టు లేని అప్పులవాళ్లెవరూ విడిగా వసూలుకు దిగకూడదు. ఉన్నదాన్ని అప్పుల నిష్పత్తిలో పంచుతారు. ఫీజు బాకీ కూడా మామూలు అప్పే. కిరాణా కొట్టువాడు వరుసలో నిలబడితే, టీసీ పట్టుకున్న బడి వరుస తప్పించుకుంటుంది. దివాలా తీసిన విద్యార్థిని మార్కుల పత్రాన్ని ఫీజు కోసం ఆపడం చట్టవిరుద్ధమని అమెరికా అప్పీలు కోర్టు కూడా 2009లో చెప్పింది.

టీచర్ల జీతాలు ఫీజుల నుంచే రావాలి, వదిలేస్తే అందరూ ఎగ్గొడతారని యాజమాన్యాలు అంటాయి. మొదటి మాట నిజమే. కానీ ఎవరూ బాకీ మాఫీ చేయమనడం లేదు. బడి సివిల్ దావా వేయవచ్చు, వాయిదాలు రాయించుకోవచ్చు, ఐపీలో తన బాకీ నిరూపించుకోవచ్చు. ఆస్తి దాచినవాణ్ణి శిక్షించే నిబంధన దివాలా చట్టంలోనే ఉంది. అప్పు చేసింది తండ్రి. చదువు ఆగేది బిడ్డది. ఎనిమిదో తరగతిలోపు పిల్లలు సర్కారు బడికి మారుతుంటే టీసీ వెంటనే ఇవ్వాలనీ, అది ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదనీ విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. టీసీ బకాయిల వసూలు సాధనం కాదని మద్రాసు హైకోర్టు 2024లో అంది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టడి చేయదు. అందుకే తొమ్మిది, పది తరగతులకూ వర్తించేలా ఇక్కడి విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఈలోగా ఐపీ పెట్టేవాళ్లు అప్పుల జాబితాలో బడి బాకీ తప్పక రాయాలి; టీసీ కోసం రాతపూర్వకంగా అడిగి, ఇవ్వకుంటే డీఈవోకు ఫిర్యాదు చేయాలి.