లేపాక్షిలో ఎంగేజ్‌మెంట్ షూటా? ఫొటోలో మీరు మీలాగే ఉండాలంటే...

నిశ్చితార్థం తేదీ ఖాయం కాగానే ఇంట్లో రెండు చర్చలు మొదలవుతాయి. పెద్దవాళ్లది భోజనాల లెక్క. పిల్లలది ఫొటోల లెక్క. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వాళ్లయితే రెండో చర్చ ఎక్కువసేపు సాగదు. ‘లేపాక్షికి పోదాం’ అని ఎవరో ఒకరు అనేస్తారు. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లే. ఒకే రాతిలో మలిచిన పెద్ద నంది, పైకప్పు పడకుండా మిగిలిపోయిన కల్యాణ మంటపం, శిల్పాలు నిండిన స్తంభాలు. డబ్బు పోసినా ఇలాంటి సెట్ దొరకదు.

చిక్కల్లా ఫొటోలు చేతికొచ్చాకే. ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. కళ్ల కింద నల్లటి నీడలు. గంటసేపు దువ్వి పెట్టిన జుట్టు గాలికి చెదిరిపోయి ఉంటుంది. ‘ఇది నేనేనా?’ అనిపిస్తుంది. పార్లర్‌లో అద్దం ముందు బాగానే ఉంది కదా! ఉంది. కానీ మేకప్ వేసింది ట్యూబ్‌లైట్ కింద, ఫొటో తీసింది సీమ ఎండలో. తేడా అక్కడే వచ్చింది.

గుడి పైకప్పు మీద పెళ్లికూతురు

షూట్‌కి ముందు ఒకసారి ఊరికే గుడికి వెళ్లి రండి. వీరభద్రస్వామి ఆలయం 16వ శతాబ్దం నాటిది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించాడని చెబుతారు. నాట్య మంటపంలో తలెత్తి చూస్తే శివపార్వతుల కల్యాణం, పార్వతిని చెలికత్తెలు ముస్తాబు చేసే దృశ్యం కనిపిస్తాయి. అంటే పెళ్లికూతురి మేకప్ లేపాక్షికి కొత్తేమీ కాదన్నమాట!

ఆ బొమ్మల్లో ఆడవాళ్లను గమనించండి. పెద్ద కొప్పులు, పొడవుగా తీర్చిన కళ్లు, ఒకదానికి ఒకటి పోలిక లేని చీరల డిజైన్లు. రంగులు చూస్తే ఎక్కువగా ఎరుపు, పసుపు, గోధుమ, ఆకుపచ్చ. నల్లటి గీతతో కన్ను, ముక్కు, గడ్డం తీర్చారు. ముఖాలకు సున్నం కొట్టినట్టు తెలుపు పులమలేదు. మన నేల మీద, మన వెలుగులో ఏ రంగులు నిలుస్తాయో ఆ చిత్రకారులకు తెలుసు.

‘కొంచెం తెల్లగా వేయమ్మా’

ఈ మాట పార్లర్‌లో పిన్నో అత్తో అనకుండా ఉండరు. ప్రేమతోనే అంటారు. కానీ ఒంటి రంగు కంటే రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ వేస్తే ఎండలో బూడిద పూసినట్టు కనిపిస్తుంది. షేడ్ చూడాల్సింది చేతి మీద కాదు, దవడ దగ్గర. కొంచెం రాసి, గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోయిందంటే అదే మీ షేడ్. మెడకు, చెవులకు కూడా వేయించుకోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. తేదీ దగ్గరపడుతుంటే ‘పది రోజుల్లో తెల్లబడతావు’ అని ఎవరో పేరూ ఊరూ లేని క్రీమ్ ఇస్తారు. అలాంటి వాటిలో పాదరసం కలిసి ఉండే అవకాశం ఉంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా డాక్టర్లు, ఇలాంటి క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బు రావడాన్ని బయటపెట్టారు. ఇంకొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రగా మారుతుంది, మొటిమలొస్తాయి, మానేస్తే మంట. చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చినా తీసుకోవద్దు. ఒక్కరోజు ఫొటో కోసం కిడ్నీని పణంగా పెట్టడం ఏం లెక్క?

ఎప్పుడు ఏం చేయాలి?

మూడు వారాల ముందు: ట్రయల్ మేకప్ వేయించుకోండి. ఆ ముఖంతోనే ఎండలో నిలబడి ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి. కొత్త ఫేషియల్ ఏదైనా ప్రయత్నించాలంటే ఇప్పుడే.

వారం ముందు: కొత్త ప్రయోగాలు బంద్. కొత్త క్రీమ్ తప్పదనుకుంటే చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడండి. ఐబ్రోస్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి.

ముందురోజు: తలస్నానం. అప్పుడే కడిగిన జుట్టు జారిపోతుంది, పిన్నులు నిలవవు. ఒకరోజు గడిస్తే జడ బాగా పడుతుంది. నీళ్లు బాగా తాగి, తొందరగా పడుకోండి. నిద్రలేని కళ్లను ఏ కన్సీలరూ పూర్తిగా దాచలేదు.

ఆ రోజు: మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ పెట్టి పది నిమిషాలు ఆగాకే మేకప్ మొదలుపెట్టాలి. పొరలు పల్చగా ఉండాలి. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్న సన్‌స్క్రీన్, తెల్లటి పౌడర్ పగలు ఇబ్బంది పెట్టవు కానీ, సాయంత్రం ఫంక్షన్ హాల్లో ఫ్లాష్ పడితే ముఖం తెల్లగా పేలినట్టు వస్తుంది. ముందే ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోండి.

వెలుగే అసలు మేకప్

మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీద పడుతుంది. కళ్ల కింద, ముక్కు కింద నీడలు అందుకే. పొద్దున తొలి గంటల్లో, లేదంటే సాయంత్రం చివరి గంటలో వెలుగు పక్క నుంచి మెత్తగా వస్తుంది. ఆ టైంలో గ్రానైట్ రాయి, ధర్మవరం చీర జరీ అంచు రెండూ బంగారంలా మెరుస్తాయి. ఎండెక్కితే గుడి ప్రాంగణంలో బండల మీద ఒట్టికాళ్లతో నిలబడటం కూడా కష్టమే. అరికాళ్లు కాలుతుంటే ముఖంలో నవ్వు ఎలా వస్తుంది?

గాలితో జాగ్రత్త

రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఈ ప్రాంతంలో గాలి జోరు ఎక్కువ. నంది దగ్గర ఆరుబయట లూజ్ హెయిర్ అనుకుంటే, ఫొటోల్లో సగం ముఖం జుట్టే ఉంటుంది. జడ, లేదంటే మెడ మీదికి వాలిన కొప్పు మేలు. జుట్టు పల్చగా ఉంటే సవరం పెట్టించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. పూలజడ బరువుగా ఉంటుంది. తలనొప్పి వస్తే కళ్లలోనే తెలిసిపోతుంది. రెండు మూరల కనకాంబరాలు, మల్లెలు చాలు. పూలు బయల్దేరే ముందు కాకుండా అక్కడికి వెళ్లాక పెట్టుకుంటే వాడవు.

అబ్బాయిలూ, మీక్కూడా!

కటింగ్ నాలుగైదు రోజుల ముందు చేయించుకోండి. అదే రోజు చేయిస్తే చెవుల పక్కన తెల్లగా తేలిపోతుంది. షేవింగ్ ముందురోజు రాత్రి చేసుకుంటే ఎర్రటి పొక్కులు తగ్గుతాయి. పెదాలకు లిప్‌బామ్, జేబులో రెండు టిష్యూలు. ఇదేం ఆడంగి పని కాదు. పక్కన అమ్మాయి రెండు గంటలు కష్టపడి వచ్చినప్పుడు మీరు పది నిమిషాలైనా పెట్టాలి కదా.

గుడి అని మరవొద్దు

ఇది పూజలు జరిగే ఆలయం, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ట్రైపాడ్, లైట్లు తెచ్చేముందు అనుమతి గురించి అడిగి తెలుసుకోండి. స్తంభాలకు ఆనుకోవద్దు. తల నూనె, ఫౌండేషన్ మరక రాతికి అంటుకుంటే పోవడం కష్టం. టచప్ గుడి బయటే చేసుకోండి.

చివరిగా ఒక్కమాట. బ్యూటీషియన్ కుర్చీలో కూర్చోగానే ‘అక్కా, నా రంగు మార్చొద్దు, నా కళ్లు బాగా తీర్చు చాలు’ అని చెప్పండి. వెనకనుంచి ఎవరేమన్నా మాట మార్చొద్దు. ఇరవై ఏళ్ల తర్వాత మీ పాప ఆ ఆల్బమ్ తెరిచి, ‘ఈ అక్క ఎవరు?’ అని అడక్కూడదు. ‘అమ్మా, ఇది నువ్వే కదా!’ అనాలి.