నూనెబావిలోని కవాటము – దాని రక్షణము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలవారికి నూనెబావులనుగూర్చి ప్రసంగింప బూనుట కొందరికి వింతగా దోచవచ్చును. మన నేలలో నూనె లేదు. మన కాళ్లక్రింద చాలభాగమున నున్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపురాయి. నూనెయు, దానితోడి వాయువును పుట్టునది పొరలుపొరలుగా పేరిన మట్టియందు. ఆ మట్టిలో పూడిన పూర్వజీవుల శేషములు భూగర్భపు వేడిమికి మఱగి మఱగి అట్లు మారినవి. అట్టి పొరలు మనకు లేవు. కాని గద్వాల ప్రక్కగా సాగు కృష్ణ తన ఒండ్రును ఎచ్చటికి మోసికొనిపోయెడిదో తలచి చూడుడు. జూరాల మొదలగు ఆనకట్టలు లేని కాలమున, యుగయుగములుగా, కృష్ణాగోదావరులును వాని పూర్వప్రవాహములును ఈ పీఠభూమిని ఒరసి కొనిపోయిన మట్టి తూర్పుతీరమున మైళ్లకొలది మందముగా పేరినది. కోనసీమయందును, దాని యెదుటి సముద్రమునందును నేడు తీయుచున్న వాయువు అట్టి పొరలలోనిదే. కావున ఆ బావులతో మనకు దూరపు చుట్టరికమైన లేకపోలేదు.

నేను యంత్రవిద్యను బోధించువాడను. కవాటమనగానేమని పిల్లలడిగినపుడు వారిని ముందుగా కమ్మరికొలిమికి పంపుదును. తిత్తి అడుగున తోలుముక్క యొకటి యుండును. తిత్తి తెఱచినపుడది లేచి గాలిని లోనికి రానిచ్చును. నొక్కినపుడు మూసికొని గాలిని నిప్పువైపునకే పంపును. మన బావిమోటారు గొట్టము కొననుండు ఫుట్ వాల్వు చేయు పనియు నదియే. అందు ఇసుకరేణువు చిక్కిన రాత్రి గొట్టములోని నీరు జారిపోవును. తెల్లవారి రైతు బిందెలతో నీరు పోసి మోటారును మేల్కొలుపవలెను. నష్టమంతయు నొక పూట శ్రమ.

నూనెబావియందు చిక్కు తలక్రిందులుగా నుండును. అచ్చట కవాటము లేకున్న లోనిది క్రిందికి జారదు. పైకి విరుచుకొని వచ్చును. 3,000 మీటర్ల లోతున నీటి బరువొక్కటియే 300 వాతావరణముల ఒత్తిడి కలిగించును. వాయువుగల పొరలలో నంతటి ఒత్తిడియో, యొక్కొక్కచో దానికి మించినదియో యుండును. అందుచే త్రవ్విన రంధ్రమున ఉక్కుగొట్టములు దించి, వాని చుట్టును సిమెంటు పోసి, నడుమ మఱియొక సన్నని గొట్టము దించి దానిగుండ వాయువును తీయుదురు. బావినోటిపై కవాటముల గుంపొకటి నిలిపెదరు. కొమ్మలు చాచినట్లుండుటచే దానిని పనివారు క్రిస్మస్ చెట్టందురు.

ఆ చెట్టే విరిగిన గతియేమి? 1991లో కువైటునుండి వెడలుచు ఇరాకు సైన్యములు 600కు పైగా బావుల నోళ్లను ప్రేలుడుమందుతో బద్దలుచేసి నిప్పంటించిపోయెను. కడపటి మంట ఆఱినది ఆ సంవత్సరము నవంబరు 6న. మన తెలుగుబిడ్డలు వేలకొలది పొట్టకూటికి పోవు దేశమది. ఇంటికి దగ్గఱగా, 1995 జనవరి 8న కోనసీమయందు పాశర్లపూడివద్ద నొక బావి కట్టు తప్పి మండి, 65 దినములు ఆఱలేదు. చుట్టుపట్ల యూళ్లవారు ఇండ్లు విడిచిపోవలసి వచ్చినది. ఇచ్చట నొక్కమాట సరిగా చెప్పవలెను. పాశర్లపూడి బావి త్రవ్వుచుండగా కట్టు తప్పినది. త్రవ్వుకాలమున కాపుండు యంత్రము వేఱు. నేను చెప్పబోవు కవాటము బావి పూర్తియైన పిదప అమర్చునది. కాని బావినోట మానవుడు నిలువజాలని స్థితి యెట్టిదో తెలుగునేల కనులార చూచినది అప్పుడే.

అందుచేతనే భూమిపై నేమి జరిగినను చెడని తావున, బావిలోపలనే, ఒక కవాటమును పెట్టుదురు. అమెరికా సముద్రబావుల నియమములలో అది కడలి అడుగునకు కనీసము 100 అడుగుల క్రింద నుండవలెను. దాని నిర్మాణము కొలిమితిత్తిలోని తోలుముక్కను బోలినదే. కీలుపై తిరుగు ఉక్కుఱెప్ప యొకటి గొట్టమునకు అడ్డముగా పడును. ఱెప్పను తెఱచియుంచునది లోపల జాఱెడు పొట్టిగొట్టము. ఆ గొట్టమును పైకి నెట్టుటకు బలమైన స్ప్రింగు కలదు. క్రిందికి అదిమిపట్టుటకు పావు అంగుళపు సన్నని నాళములో పైనుండి పంపు చమురు ఒత్తిడి కలదు. పైన చెట్టు విరిగినను, నాళము తెగినను, నిప్పంటుకొన్నను చమురు ఒత్తిడి పోవును, స్ప్రింగు విజృంభించి గొట్టమును లేపును, ఱెప్ప పడును, క్రిందినుండి వచ్చు వాయువే దానిని మఱింత బిగియించును. మూయుటకు ఎవరి యాజ్ఞయు నక్కఱలేదు, తెఱచియుంచుటకే నిత్యప్రయత్నము కావలెను. మానవుడు కల్పించిన యుక్తులలో నాకు మిక్కిలి నచ్చినది యిది.

అయినను ఱెప్పయు, అది కూర్చుండు పీటయు గాజుతలమువలె నునుపుగా నుండవలెను. ఒక గీత చాలును వాయువు కారుటకు. గీతలు పడుట కవకాశములు లెక్కలేనన్ని. గొట్టమును దించునపుడే సన్ననాళము ఉక్కుగోడల నొరసి నలుగును. కావున ప్రతి అతుకువద్దను దానికి ఉక్కుపట్టీ తొడుగుదురు. పిదప బావిని మరమ్మతు చేయుటకు ఉక్కుతీగకు బరువైన పనిముట్లు కట్టి ఆ కవాటముగుండనే దించవలెను. అవి పోవుచు వచ్చుచు పీటకు తగులును. ఆ సమయమున చమురు ఒత్తిడి తగ్గి ఱెప్ప పడెనా, తీగ తెగి పనిముట్టు బావిలో బడుటయో, ఱెప్పయే వంగుటయో జరుగును. ఇసుక కలిపిన ద్రవమును మిక్కుటమైన ఒత్తిడితో పంపి రాతిని పగుల్చునపుడు ఆ ఇసుక సానపట్టినట్లు లోహమును అరగదీయును. సిమెంటు పంపినచో కీలుసందులలో గడ్డకట్టును.

వీనికి విరుగుడు తొడుగుగొట్టము. పల్చని ఉక్కుగొట్టము నొకదానిని తీగతో దించి, కవాటములోనే తాళమువేసినట్లు నిలుపుదురు. అది ఱెప్పను ప్రక్కకు అదిమిపట్టి, కీలును స్ప్రింగును కప్పివేయును. ఇక నాళములో చమురు పోయినను ఱెప్ప కదలదు; పనిముట్లు తొడుగునే ఒరసికొనును. అది దారిని కొంత ఇఱుకు చేయును గనుక పనిముట్ల కొలతలు ముందే సరిచూచుకొనవలెను. అంతకన్న పెద్ద యపాయమొకటి కలదు. పని ముగిసిన పిదప తొడుగును తీయ మఱచిరా, బావికి కవాటము ఉండియు లేనట్లే. పైనుండి చూచువానికి ఏమియు తెలియదు. రక్షకునికి రక్షణ కల్పించి, ఆ రక్షణచేతనే వానిని బంధించినట్లగును. అందుచే దించిన ప్రతి వస్తువును పుస్తకమున వ్రాసి, తీసినపుడు కొట్టివేయు వాడుకను నేను యంత్రముకన్న మిన్నగా నెంచుదును. మన పిల్లలలో ఎవరైన రేపు రిగ్గుపై పనికి పోయినచో ముందు నేర్వవలసినది ఆ పుస్తకము వ్రాయుట.

తెఱచుటయందును నేర్పు కావలెను. మూసిన ఱెప్పక్రింద ఒత్తిడి పేరియుండగా బలవంతముగా త్రోసినచో కీలు విఱుగును. పైనుండి ద్రవమునో వాయువునో పంపి రెండువైపుల ఒత్తిడి సమానముచేసి పిదప తెఱతురు. మూయునపుడును, ప్రమాదము లేని వేళ, ముందు పైకవాటమును మూసి ప్రవాహము నిలిపి తరువాత ఱెప్పను వదలుదురు. పరువెత్తు వాయువులో ఱెప్ప పడినచో సుత్తిదెబ్బవలె పీటపై పడును. అట్లని చాలకాలము కదపకున్న మైనమును, సున్నపుపొలుసును పట్టి అది బిగిసిపోవును. కాబట్టి అప్పుడప్పుడు దానిని ఆడించి చూడవలెను.

అమెరికా సముద్రబావులలో ఆఱుమాసముల కొకతూరి పరీక్ష విధి. ఱెప్పను మూసి, పైభాగమున ఒత్తిడి తీసివేసి, అది మరల ఎంత వేగముగా పెరుగునో కొలుతురు. నిమిషమునకు 15 ఘనపుటడుగుల వాయువునకు మించి కారినచో ఆ కవాటము పనికిరానిది. దానిని మార్చవలెనన్న గొట్టములన్నిటిని పైకి లాగవలెను. అది మిక్కిలి వ్యయముతో గూడినది. కావున పెక్కుచోట్ల పాతఱెప్పను తెఱచి బిగించి, దాని నడుమ ఇంకొక చిన్నకవాటమును తీగతో దించి కూర్చుండబెట్టుదురు. దారి సన్నబడును, వచ్చు వాయువు కొంత తగ్గును. బావిమాత్రము మరల కట్టులో నుండును.