లారీ దిగిన ఇంటికి ఎన్ని టన్నులు?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఈ ఇళ్లకు ఆ బెడద లేదు. ఫ్యాక్టరీలోనే గోడలు, కిటికీలు, వంటగది అలమరలు, నేల కింద గాలి గొట్టాలు అన్నీ బిగించేస్తారు. ఇనుప చట్రానికి చక్రాలు తగిలించి, ట్రక్కుతో లాక్కొచ్చి మన స్థలంలో దించుతారు. పెద్ద ఇల్లయితే రెండు సగాలుగా వస్తుంది. అమెరికాలో సుమారు రెండు కోట్ల మంది ఉంటున్నది ఇలాంటి 'మాన్యుఫ్యాక్చర్డ్' ఇళ్లలోనే. సొంతింటి కల తక్కువ ఖర్చులో తీరే దారి మరి!

అన్నీ వచ్చాయి సరే, ఏసీ? చలికాలం కోసం ఫర్నేస్‌ను ఫ్యాక్టరీలోనే పెడతారు. ఏసీని మాత్రం చాలాచోట్ల ఇల్లు దిగాకే పెట్టించుకోవాలి. టెక్సస్, లూసియానా తీరాల్లో వేసవి అంటే మన కాకినాడ, మచిలీపట్నంలాగే... ఎండకు తోడు ఉక్కపోత. ఏదో ఒకటి త్వరగా పెట్టిస్తే చాలనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

పెద్దదైతే మంచిదేగా?

'అయిదొందల చదరపు అడుగులకో టన్ను. ఎందుకైనా మంచిది, ఇంకో అర టన్ను వేసుకోండి'... అమ్మేవాళ్ల లెక్క ఎక్కడైనా ఇంతే. ఇక్కడ టన్ను అంటే యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత సామర్థ్యం. గంటకు 12 వేల బీటీయూలు. హైదరాబాద్ షోరూములో మనం అడిగే టన్నున్నరలోనూ ఉన్నది ఆ ఐసు టన్నే.

అవసరానికి మించిన ఏసీ ఇంటిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. గాలిలోని తేమ చల్లటి కాయిల్‌కు పట్టి, నీరై కారిపోవాలంటే యంత్రం కాస్త ఎక్కువసేపు నడవాలి. ఆ వ్యవధే దొరకదు. దాంతో ఇల్లు చల్లగా ఉంటుంది, చెమ్మగానూ ఉంటుంది. బట్టల అరల్లో బూజు, చెక్కపొట్టు పలకలతో వేసిన నేలైతే ఉబ్బు! నిజానికి విల్లిస్ క్యారియర్ 1902లో బ్రూక్లిన్‌లోని ఓ ప్రింటింగ్ ప్రెస్ కోసం ఏసీకి రూపకల్పన చేసిందే తేమను అదుపు చేయడానికి. చల్లదనం ఆ తర్వాతి మాట.

అలమరలో ఉంది జవాబు

1976 జూన్ 15 నుంచి ఈ ఇళ్లన్నీ ఒకే కేంద్ర నిబంధన ప్రకారం తయారవుతున్నాయి. అందుకే వంటింటి అలమరలోనో, కరెంటు ప్యానెల్ దగ్గరో, బట్టల అరలోనో ఒక కాగితం అంటించి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏసీ పెట్టారా? పెట్టకపోతే నేల కింది గొట్టాలు ఎన్ని బీటీయూల ఏసీ వరకు సరిపోతాయి? అసలు సెంట్రల్ ఏసీని దృష్టిలో పెట్టుకునే గొట్టాలు వేశారా? అన్నీ అందులో ఉంటాయి. 36 వేలని ఉంటే మూడు టన్నులే గరిష్ఠం. అక్కడ నాలుగు టన్నులు పెట్టిస్తే సన్నటి గొట్టాల్లో గాలి ఆడదు, కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. గోడలు, పైకప్పు, నేల వేడిని ఎంతవరకు ఆపుతాయో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఆ అంకెలతో, ఇల్లు ఏ దిక్కుకు ఉందో కూడా చూసి లెక్కకట్టే పద్ధతిని 'మాన్యువల్ జె' అంటారు. టెక్నీషియన్ ఆ లెక్క వేయకుండానే టన్నులు చెప్పేస్తున్నాడంటే ఇంకొకరిని పిలవడమే మేలు.

ఆ తర్వాత స్ప్లిటా, ప్యాకేజీయా? స్ప్లిట్ అయితే కాయిల్ ఫర్నేస్ అరలోనే ఇమడాలి. అది ఆ ఫర్నేస్‌కు సరిపడేదై ఉండాలి. ప్యాకేజీలో యంత్రమంతా బయటే. నేల కిందికి గొట్టాలు కలిపితే సరి, లోపల చోటు మిగులుతుంది. కరెంటు పొదుపునకు మన స్టార్లలా అక్కడ 'సీర్2' అంకె చూస్తారు. 45 వేల బీటీయూల లోపు స్ప్లిట్‌కు 2023 నుంచి దక్షిణాదిన కనీసం 14.3 ఉండాలి.

ఎంత ఏసీ కొన్నా ఇంటి కింద ఒకటి చూసుకోవాల్సిందే. రెండు సగాల ఇంట్లో ఈ వైపు చల్లగాలిని ఆ వైపునకు చేర్చేది నేల కింద వేలాడే ఒక మెత్తటి గొట్టం. అది పట్టీల్లోంచి జారి నేలను తాకుతున్నా, అతుకు ఊడినా, పడకగదికి చేరాల్సిన చల్లదనం ఇంటి కింద పడుకున్న పిల్లికి దక్కుతుంది!