కోడిపుంజు బాకీ

బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ప్లేటో రాసిన ‘ఫీడో’ చివరి పేజీల్ని ఇంగ్లీషులోంచి తెలుగు చేద్దామని కూర్చున్నాను. సోక్రటీసు ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. ఆపింది ఒక చిన్న సర్వనామం.

క్రీస్తు పూర్వం 399. ఊరి దేవుళ్ళని నమ్మడనీ, కుర్రాళ్ళని చెడగొడుతున్నాడనీ ఏథెన్సు న్యాయస్థానం ఆ డెబ్బై ఏళ్ళ మనిషికి మరణశిక్ష వేసింది. డీలోస్ ద్వీపానికి వెళ్ళిన పవిత్ర నౌక తిరిగొచ్చేదాకా ఎవరినీ చంపకూడదు కాబట్టి అన్నాళ్ళూ జైల్లో ఉంచారు. నౌక వచ్చాక, చివరి సాయంత్రం విషం తెచ్చినవాడు తాగే పద్ధతి కూడా చెప్పాడు: తాగి అటూ ఇటూ నడవాలి, కాళ్ళు బరువెక్కితే పడుకోవాలి. సోక్రటీసు అలాగే చేశాడు. విషం తెచ్చినవాడు ఆయన పాదాన్ని గట్టిగా నొక్కి, తెలుస్తోందా అని అడిగాడు. లేదన్నాడు. పిక్కలు చల్లబడ్డాయి. ఆ చల్లదనం పొత్తికడుపు దాకా పాకాక, సోక్రటీసు ముఖం మీది గుడ్డ తీసి, ఈడువాడైన స్నేహితుడు క్రీటోతో ఒక్క మాట అన్నాడు. వైద్యదేవుడు ఆస్క్లీపియస్‌కి ఒక కోడిపుంజు బాకీ ఉందని, మరవకుండా తీర్చమని.

జబ్బు నయమైనవాళ్ళు ఆ దేవుడికి పుంజునివ్వడం అక్కడి ఆనవాయితీ. మరి ప్రాణం పోతున్నవాడికి నయమైందేమిటి? బతుకే రోగమనీ, చావుతో కుదిరిందనీ ఆయన భావమన్నాడు తత్వవేత్త నీచ్చే. అలా అనుకుని పోయినందుకు నొచ్చుకున్నాడు కూడా. అంతకుముందు జైలు నుంచి పారిపొమ్మని క్రీటో బతిమాలాడు, ఆ తప్పుడు ఆలోచన వదలడమే స్వస్థత అన్నాడు ఫ్రెంచి పండితుడు ద్యుమెజిల్. ఆ రోజు ప్లేటో ఒంట్లో బాగాలేక రాలేదని పుస్తకంలోనే ఉంది. మొక్కు అతని కోసమేనని ఇంకొందరి ఊహ.

నాకు మొక్కు మొక్కుగానే కనిపిస్తుంది. దేవుళ్ళని నమ్మడని శిక్ష పడ్డ మనిషి చిట్టచివర తలుచుకున్నది దేవుడి బాకీని! అది చదివిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

కానీ బాకీ ఎవరిది? గ్రీకు మూలంలో ఉన్నది బహువచనమట. ఇంగ్లీషులో దానికి ఒకటే మాట. తెలుగులో రెండు. ‘మేము’ అంటే క్రీటోకి ఆ బాకీతో సంబంధం లేదు. ‘మనం’ అంటే క్రీటో కూడా బాకీదారే. ఏదో ఒకటి రాయక తప్పదు. వారం రోజులు ‘మేము’ అనే ఉంచాను. చదువుకున్నప్పుడల్లా ఎక్కడో ముల్లు గుచ్చుకునేది.

ఒక రాత్రి మా నాయనమ్మ గుర్తొచ్చింది. నా ఆరో ఏట ఆటలమ్మ పోస్తే, నన్ను వేపమండల మీద పడుకోబెట్టి పోలేరమ్మకి పుంజుని మొక్కుకుంది. పెచ్చులు రాలి నేను లేచి తిరుగుతున్నా మొక్కు తీరలేదు. జాతర దాకా ఆగాలి. దొడ్లో ఒక ఎర్రపుంజుని సాకింది. సాయంత్రం దాన్ని గంప కింద మూసి, పైన రాయి పెడుతూ రోజూ నాతో అనేది: “ఒరేయ్, మనం అమ్మకి బాకీ రా. మర్చిపోమాక.” మొక్కుకుంది తను. అప్పుడు నాకు ఒళ్ళు తెలియని జ్వరం. అయినా ఎప్పుడూ ‘మనం’ అనే అంది.

పొద్దున్నే లేచి ‘మేము’ కొట్టేసి ‘మనం’ అని రాశాను.

క్రీటో అలాగేనన్నాడు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే జవాబు రాలేదు. ఆయన నోరూ కళ్ళూ క్రీటోయే మూశాడు. పుంజు సంగతి ఏమైందో ప్లేటో రాయలేదు. మా ఎర్రపుంజుని ఆ ఏటి జాతరకి నేనే చంకన పెట్టుకుని తీసుకెళ్ళాను.