ముడి వేయక్కర్లేని కుట్టు

సూదికి దారం ఎక్కించాక ముందుగా చేసే పని కొసన ముడి వేయడం. అది మరిచిపోతే వేసిన నాలుగు కుట్లూ సర్రున ఊడి దారం చేతికొచ్చేస్తుంది. చొక్కా గుండీ కుట్టే అమ్మకైనా, కడుపు కోసి కుట్టే సర్జన్‌కైనా ఇదే నియమం. అలాంటిది ముడి అన్నదే లేకుండా కుట్టేసి, కొసను కత్తిరించి వదిలేస్తే? ఊడదు! ఎందుకంటే ఆ దారానికి ముళ్లున్నాయి. తేరిపార చూస్తేగానీ కనపడని ఆ ముళ్లే చర్మాన్నీ, కండరాన్నీ, గర్భసంచి గోడనీ గట్టిగా పట్టుకుని ఉంటాయి. వైద్యులు దీన్ని బార్బ్‌డ్ సూచర్ అంటారు. మనం ముళ్లదారం అనుకుందాం.

ఆపరేషన్ అనగానే మనం కత్తి గురించే భయపడతాం. కోసింది మళ్లీ అతుక్కుంటుందా లేదా అన్నది మాత్రం కుట్టు మీద ఆధారపడి ఉంటుంది. కుట్టు వదిలితే లోపల రక్తస్రావం, చీము, మళ్లీ ఆపరేషన్... అందుకే ఈ దారం కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముడితో ఏంటి గొడవ?

ముడి కుట్టును పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ దారంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు కూడా అదే. దారం మెలి తిరిగి తన మీద తానే ఒరుసుకునేది అక్కడ. లాగితే సాధారణంగా తెగేదీ అక్కడే. మామూలు కుట్టుదారాల బలాన్ని పరీక్షించేటప్పుడు ముడి వేసి లాగి చూస్తారు. ముడి దగ్గర ఎంత బరువు ఆపితే ఆ దారం బలం అంతే అన్నమాట.

పైగా, శరీరంలో కరిగిపోయే నున్నటి సింథటిక్ దారాలకు ఒక ముడి చాలదు. జారిపోతుంది. మీద మరో ముడి, దానిమీద ఇంకొకటి... అలా నాలుగైదు వేయాలి. అంతా కలిసి ఒక ఉండలా తయారవుతుంది. శరీరానికి అది పరాయి వస్తువే. సూక్ష్మక్రిములకు దాక్కునే చోటు కూడా. చర్మం కిందే ఉంటే తర్వాత వేలికి తగులుతూ ఇబ్బంది పెడుతుంది.

ల్యాపరోస్కోపీ వచ్చాక ఈ బాధ ఇంకా పెరిగింది. నోరు సన్నగా ఉన్న బిందెలో పూలు వేసి, రెండు పొడుగాటి పుల్లలు లోపలికి దూర్చి, టీవీ తెర మీద చూస్తూ మాల కట్టమంటే ఎలా ఉంటుంది? కడుపు మీద చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు పంపి లోపల ముడి వేయడం ఇంచుమించు అలాంటిదే. చేయి తిరిగిన సర్జన్లు వేయగలరు. అది నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ తీశాక ఆ గోతిలోంచి రక్తం కారుతూ ఉంటుంది. ముడి కుదరడానికి తీసుకునే ప్రతి నిమిషం రోగికి నష్టమే.

ముడి లేకుండా అతికే ప్రయత్నం మనవాళ్లు ఎప్పుడో చేశారు. పేగుల చీలికను దగ్గరగా పట్టి పెద్ద నల్లచీమలతో కరిపించి, తలలు అలాగే ఉంచి మిగతా ఒంటిని తీసేయమని సుశ్రుత సంహిత చెబుతుంది. ఎంత తెలివో చూడండి!

గాలం, తేనెటీగ, ఏదుపంది

ముళ్లదారం సూత్రం మనకు కొత్తేం కాదు. చేపల గాలానికి కొక్కెం లోపలివైపు చిన్న ఎదురుముల్లు ఉంటుంది. దిగేటప్పుడు అడ్డురాదు, వెనక్కి లాగితే పట్టేస్తుంది. తేనెటీగ కొండీ అలాంటిదే. అందుకే కుట్టాక ఈగ పోయినా కొండి మన ఒంట్లో ఉండిపోతుంది. చేలగట్టున నడిస్తే పంచెకి అంటుకునే ఉత్తరేణి గింజలు సరేసరి.

దీన్ని కుట్టుదారానికి పెట్టవచ్చన్న ఆలోచనకు ఆరు దశాబ్దాలు దాటాయి. జాన్ అల్కామో అనే ఆయనకు అమెరికాలో 1964లో ముళ్లున్న కుట్టుదారం మీద పేటెంట్ వచ్చింది. 1967లో మెకెంజీ అనే సర్జన్ నైలాన్ దారానికి ముళ్లు చెక్కి, చేతివేళ్లను కదిలించే టెండన్లను దాంతో అతికే పద్ధతిని ప్రకటించారు. కుక్కల మీదా, మృతదేహాల మీదా ప్రయత్నించి చూశారు. తర్వాత చాలాకాలం ఆ ఊసే పెద్దగా లేదు. దానికి ఓ కారణం ఊహించడం కష్టం కాదు. ముళ్లు చెక్కడానికి ఒంటిపోగు దారం కావాలి, అది శరీరంలో కొన్ని వారాలు బలంగా ఉండి తర్వాత కరిగిపోవాలి. పాలీడయాక్సనోన్ అనే అలాంటి పదార్థంతో చేసిన దారాలు ఆసుపత్రులకు వచ్చింది 1980ల ఆరంభంలో.

ఆ తర్వాతే కథ ఊపందుకుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో గ్రెగరీ రఫ్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఏదుపంది ముల్లు గురించి ఆలోచించారు. ఉత్తర అమెరికా ఏదుపంది ముల్లు కొసన కంటికి కనపడని ఎదురుముళ్లు ఉంటాయి. గుచ్చుకుంటే లోపలికే పోతుంది తప్ప వెనక్కి రాదు. మరి ఒకే దారానికి సగం ముళ్లు ఇటువైపు, సగం అటువైపు తిరిగి ఉంటే? అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు! రఫ్‌కి 1994లో పేటెంట్ వచ్చింది. ఆ దారం పేరు కూడా ‘క్విల్’- ఇంగ్లిషులో ఏదుపంది ముల్లనే అర్థం. మైక్రోసర్జరీకి పితామహుడని పేరున్న శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ బంకీ కూడా ఇదే దారిలో పనిచేసి 1999లో పేటెంట్ పొందారు. క్విల్‌కి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2004లో దొరికింది. 2009లో కొవిడియన్ కంపెనీ ‘వి-లాక్’ తెచ్చింది, ఆ కంపెనీ 2015లో మెడ్‌ట్రానిక్‌లో కలిసింది. జాన్సన్ అండ్ జాన్సన్ వారి ఎథికాన్ ‘స్ట్రాటాఫిక్స్’తో బరిలోకి దిగింది.

అన్నట్టు, ఆఫ్రికా ఏదుపంది ముల్లుకి ఈ ఎదురుముళ్లు లేవు, నున్నగా ఉంటుంది. 2012లో బోస్టన్ పరిశోధకులు రెండింటినీ పోల్చి చూస్తే ఓ తమాషా సంగతి తేలింది. ఎదురుముళ్లు ఉండటం వల్ల బయటికి లాగడం కష్టం కావడమే కాదు, లోపలికి దిగడం కూడా తేలికవుతోందట!

దారాన్ని గాయపరచి...

తయారీ దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ముందు ప్లాస్టిక్ గుళికల్ని కరిగించి సన్నటి రంధ్రంలోంచి పోగులా తీస్తారు. దాన్ని వేడి మీద సాగదీస్తారు. దాంతో లోపలి అణువుల గొలుసులు పొడవునా ఒకే వరుసలోకి వస్తాయి. దారానికి బలం ఆ వరుస వల్లే. ఇప్పుడు ఆ దారం మీద పదునైన బ్లేడుతో ఏటవాలుగా గాట్లు పెడతారు. గాటు పెట్టినచోట లేచిన చిన్న రెక్కే ముల్లు. అంటే ప్రతి ముల్లూ దారానికి ఒక గాయమే! సాగదీసి సంపాదించిన బలంలో కొంత అక్కడ పోతుంది.

కొలతలు వింటే ఎంత నాజూకు పనో తెలుస్తుంది. ఆపరేషన్లలో బాగా వాడే 2-0 సైజు దారం లావు 0.3 మిల్లీమీటర్లు, అంటే నాలుగైదు వెంట్రుకల మందం. వి-లాక్ దారంలో ఒక్కో సెంటీమీటరుకు 20 ముళ్లుంటాయి. గాటు లోతు మిల్లీమీటరులో వందో వంతు అటూఇటూ అయినా తేడా వస్తుంది. తక్కువైతే ముల్లు బలహీనమై వంగిపోతుంది, ఎక్కువైతే దారమే తెగుతుంది. అన్ని గాట్లూ ఒకే పక్కన పడితే ఆ పక్క పలచబడుతుంది. కాబట్టి ముళ్లను దారం చుట్టూ సర్దుతారు.

ఏ ముల్లు మంచిదన్నది కుట్టే చోటును బట్టి ఉంటుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలోని జౌళి కళాశాల పరిశోధకులు 2010లో చర్మం మీదా, టెండన్ మీదా వేర్వేరు కోణాల్లో చెక్కిన ముళ్లను పరీక్షించారు. మెత్తటి చర్మానికి వంగే గుణమున్న ముల్లు, పీచుల్లా గట్టిగా ఉండే టెండన్‌కి బిరుసు ముల్లు బాగా పట్టాయి. బట్టల నేత చదివేవాళ్లు ఆపరేషన్ థియేటర్‌కి పనికొచ్చే లెక్క తేల్చారన్నమాట.

మరి గాట్లతో దారం బలం తగ్గితే రోగి గతేంటి? ఇక్కడే మొదట చెప్పిన ముడి సంగతి గుర్తుచేసుకోవాలి. మామూలు దారం కూడా పూర్తి బలంతో పనిచేయదు, ముడి దగ్గర ఉన్నంతే దాని బలం. ముళ్లదారానికి ముడే లేదు కాబట్టి ఆ నష్టం లేదు. గాట్ల వల్ల పోయిందాన్ని ఒక సైజు లావు దారం తీసుకుని పూడ్చుకోవచ్చు. ఇంకో లాభం... మామూలు వరస కుట్టులో భారమంతా రెండు కొసల ముళ్ల మీదే. ఒక్క ముడి జారితే మొత్తం వదులవుతుంది. ముళ్లదారంలో ఆ భారాన్ని వందల ముళ్లు పంచుకుంటాయి. ఒకచోట తెగినా మిగతాది పట్టుకునే ఉంటుంది. ఈ రాజీ కూడా వద్దనుకుని, గాటు పెట్టకుండా అచ్చుతో ఒత్తి ముళ్లు తీసే పద్ధతి కూడా వచ్చింది. స్ట్రాటాఫిక్స్‌లో ఒక రకం అలా తయారయ్యేదే.

దారం సిద్ధమయ్యాక సూది వెనక సన్నటి రంధ్రంలో దూర్చి నొక్కేస్తారు. రెండువైపులా ముళ్లున్న దారానికి రెండు కొసలా సూదులే. సర్జన్ గాయం మధ్యలో మొదలుపెట్టి ఒక సూదితో ఎడమకీ, ఇంకో సూదితో కుడికీ కుట్టుకుంటూ పోతారు. ఒకవైపే ముళ్లున్న దారానికైతే ఒక కొసన చిన్న ఉంగరం ఉంటుంది. మొదటి కుట్టు వేసి సూదిని ఆ ఉంగరంలోంచి లాగితే బిగుస్తుంది. చివర్లో ఒకటి రెండు కుట్లు వెనక్కి వేసి కత్తిరించేస్తే సరి.

వెనక్కి రాదు సుమా!

ఇదంతా విని ముళ్లదారం అంటే అద్భుతం అనుకోనక్కర్లేదు. ఒకవైపే కదిలే గుణం దాని బలం, దాని చిక్కు కూడా. మామూలు దారమైతే కుట్టు తప్పుపడితే వెనక్కి లాగి మళ్లీ వేయొచ్చు. దీన్ని లాగలేరు. కత్తిరించి కొత్తగా మొదలుపెట్టాల్సిందే. ఎక్కువ బిగిస్తే వదులు చేయడం కుదరదు, అక్కడి కణజాలానికి రక్తం అందదు. గ్లవ్స్‌కీ దూదిగుడ్డకీ కూడా పట్టుకుంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది కడుపులో. కత్తిరించిన కొస పొడుగ్గా వదిలేస్తే పక్కనున్న పేగు ముళ్లకు చిక్కుకుని మెలిపడే ప్రమాదం ఉంది. అలా పేగు మూసుకుపోయి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిన కేసులు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ ప్రాణం మీదికి తెచ్చేదే. అందుకే కొసను కణజాలానికి ఆనించి పొట్టిగా కత్తిరించాలి. ల్యాపరోస్కోపీ తర్వాత ఇంటికొచ్చాక కడుపు ఉబ్బి, నొప్పితో పాటు వాంతులు మొదలైతే గ్యాస్ అనుకుని ఊరుకోకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. లోపల ఏ దారం వాడారో కూడా అడగొచ్చు. అందులో మొహమాటం ఎందుకు?

మరి లాభం ఎంత? అది కూడా చోటును బట్టే. ఇటలీలో 2010లో ఫైబ్రాయిడ్ ఆపరేషన్లలో పోల్చి చూస్తే ముళ్లదారంతో గర్భసంచి కుట్టడానికి పట్టే సమయమూ, రక్తనష్టమూ తగ్గాయి. ప్రోస్టేట్ తీశాక మూత్రాశయాన్ని మూత్రనాళంతో కలిపే ఇరుకు చోటా, మోకీలు మార్పిడి తర్వాత పొరలు మూయడానికీ సర్జన్లు దీన్ని వాడుతున్నారు. అదే సిజేరియన్ తర్వాత పైచర్మం కుట్టిన 2006 నాటి అధ్యయనంలో మచ్చలోగానీ, కుట్టే సమయంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. చేతికి అందే చోట ముడి వేయడం ఎవరికైనా తేలికే కదా! పైగా ముళ్లదారం మామూలు దారంకన్నా ఖరీదు. ఆ ఖర్చు ఎక్కడ పెట్టాలో చూసి పెట్టాలి.

ముఖం ముడతల పేరుతో జరుగుతున్నది వేరే కథ. మాస్కోలో మార్లెన్ సులమానిద్జే 1990లలో ‘ఆప్టోస్’ అనే ముళ్లదారాలతో జారిన బుగ్గల్ని పైకెత్తే పద్ధతి తెచ్చారు. అది ప్రపంచమంతా పాకింది. భోజన విరామంలో అందం అన్నట్టు ప్రచారమూ జరిగింది. దారాలు చర్మం కింద కనపడటం, రెండు బుగ్గలూ ఒకేలా లేకపోవడం, ఎత్తిన బుగ్గ కొన్నాళ్లకే మళ్లీ జారడం వంటి ఫిర్యాదులూ వెంటే వచ్చాయి. గాయం మానేదాకా పట్టి ఉంచడం వేరు, వయసును పట్టి ఉంచడం వేరు. గాయం కొన్ని వారాల్లో తన బలం తాను తెచ్చుకుంటుంది, దారం కరిగినా నష్టం లేదు. బుగ్గకు ఆ అవకాశం లేదు మరి!

ఇక మెకెంజీ కలగన్న వేలి టెండన్ సంగతి... దాని మీద పరీక్షలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి, ఎక్కువగా ప్రయోగశాలల్లో. వేలిలో టెండన్ సన్నటి తొడుగులో ముందుకూ వెనక్కూ జారాలి. అక్కడ ముడి ఉండ అయితే తొడుగులో ఇరుక్కుంటుంది కాబట్టే ఆయన ముళ్ల గురించి ఆలోచించారు. ఇప్పుడేమో ఒక్క ముల్లు బయటికి పొడుచుకొచ్చినా అదే తొడుగుకి గీసుకుంటుంది.