గుర్రం బొమ్మలో గుర్రపువాడు

మన జమ్మలమడుగు వైపు ఇళ్లకు పరిచే నాపరాయి సున్నపురాయే. జర్మనీలో దొరికే అలాంటి సున్నపురాయి మీదే 1790ల చివర్లో సెనెఫెల్డర్ రాతి అచ్చు కనిపెట్టాడు. నున్నటి రాతిమీద జిడ్డు కడ్డీతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి జిడ్డు సిరా రుద్దితే తడిచోట సిరా అంటదు, గీతకే పడుతుంది. ఇక కాగితం పెట్టి నొక్కడమే. చెక్కే పని లేదు కాబట్టి వీధిలో చూసింది త్వరగా అచ్చులోకొచ్చింది.

ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో లండన్‌లో ఇలా కొన్ని బొమ్మలు అచ్చేశాడు. గుర్రం బొమ్మంటే అప్పటిదాకా ఎక్కువగా రాజు, సేనాపతి, పందెం. ఇతని రాతిమీదికి బొగ్గుబండి లాగే గుర్రాలు, నాడాలు కొట్టే కమ్మరి, రేవుకు పోయే బండివాళ్లు వచ్చారు. గోడకు చేరగిలబడ్డ బిచ్చగాడూ వచ్చాడు. జెరికో కలవారి బిడ్డే, బొమ్మలు వేసిందీ అమ్మకానికే. అయినా గుర్రం పక్కన పనిచేసే మనిషిని బొమ్మ మధ్యకు తెచ్చాడు. మనకు కావలసింది ఆ సంగతే.

ఇక మన దగ్గరికొద్దాం. 1800 నుంచి 1807 దాకా కడపతో సహా దత్తమండలాలను ఏలిన కలెక్టరు మన్రో. మద్రాసులో 1839లో నిలబెట్టిన అతని విగ్రహం గుర్రం మీదే ఉంది. జీను లేదు, రికాబులు లేవు. చూసినవాళ్లు అదో వింతగా చెప్పుకుంటారు. జీను కుట్టిన చెయ్యి మాత్రం ఎవరికీ గుర్తురాదు. మన పల్లెల్లో తోలుపని మాదిగలది. దొరల గుర్రాలకు దాణా పెట్టి, మాలిష్ చేసి, గడ్డి కోసుకొచ్చిన వాళ్లలో అంటరాని కులాలవాళ్లు చాలామంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువలేదంటారు. ఆ దాణా పెట్టిందెవరో సామెత కూడా చెప్పదు.

అంటే గుర్రాన్ని సాకొచ్చు, ఎక్కకూడదు. ఇది పాత ముచ్చట కాదు. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి చంపారు. సొంత గుర్రం ఎక్కి తిరిగినందుకే చంపారని ఇంటివాళ్లు చెప్పారు. దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే ఏ పాత బొమ్మ చూసినా పైనున్నవాడితో ఆగొద్దు. కళ్లెం పట్టుకున్నదెవరు, జీను కుట్టిందెవరు, గడ్డిమోపు మోసిందెవరు అని అడగాలి. బొమ్మలో వాళ్లు లేకపోతే, ఎందుకు లేరన్నదే మన పరిశోధనకు మొదటి ప్రశ్న.