బొమ్మ చాటున మనిషి

బొమ్మను తిడితే పరువు నష్టం అవుతుందా? 2025లో దక్షిణ కొరియాలో ఒక కోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చింది. తిట్లు తిన్నది ప్లేవ్ అనే పాటల బృందం. అందులో ఐదుగురు అబ్బాయిలు. కంప్యూటర్‌లో గీసిన రూపాలతోనే ఆడతారు, పాడతారు, మాట్లాడతారు. అసలు ముఖాలు బయటపెట్టరు. అవి కల్పిత పాత్రలు కదా, ఇందులో అవమానపడింది ఎవరని తిట్టిన వ్యక్తి వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. బొమ్మ వెనుక మనుషులున్నారని, ఆ మాటలు తగిలింది వాళ్లకేనని చెప్పి ఒక్కొక్కరికి లక్ష వోన్ల చొప్పున చెల్లించమంది. మన లెక్కలో కొన్ని వేల రూపాయలే. కానీ కోర్టు గుర్తించిన ఈ సంగతి వాళ్ల అభిమానులకు మొదటి నుంచీ తెలుసు. వర్చువల్ అబ్బాయిలను చూసేందుకు లక్షల మంది, ముఖ్యంగా యువతులు, ఎందుకు వస్తున్నారో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. వాళ్లు బొమ్మ కోసం రావడం లేదు, బొమ్మ చాటున ఉన్న మనిషి కోసం వస్తున్నారు.

ఇలా గీసిన బొమ్మ రూపంలో ప్రసారాలు చేసేవారిని వీట్యూబర్లు అంటారు, వాళ్ల పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. కెమెరా ఎదుట కూర్చున్న మనిషి కనురెప్పలు, పెదవులు, తల కదలికలను సాఫ్ట్‌వేర్ పట్టుకుని, గీసిన బొమ్మను అదే క్షణంలో అలాగే కదిలిస్తుంది. గొంతు, మాట, నవ్వు మాత్రం ఆ మనిషివే. 2016 చివర్లో జపాన్‌లో కిజునా ఐ అనే అమ్మాయి పాత్రతో ఈ ఒరవడి ఊపందుకుంది. తొలి రోజుల్లో ఎక్కువగా అమ్మాయి బొమ్మలే కనిపించేవి. 2018లో మొదలైన నిజిసాంజీ సంస్థలో కుజుహా, కనాయే లాంటి అబ్బాయిలు వీడియో ఆటలాడుతూ కబుర్లు చెబుతూ పేరు తెచ్చుకున్నారు. 2019లో కవర్ కంపెనీ అబ్బాయిల కోసమే హోలోస్టార్స్ అనే శాఖ తెరిచింది గానీ, అదే కంపెనీ అమ్మాయిలకు ఉన్న ఆదరణ దానికి దక్కలేదు. అబ్బాయిలకు గిరాకీ లేదన్న మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది. 2021 డిసెంబరులో నిజిసాంజీ ఇంగ్లిష్ శాఖ నుంచి లక్సియం అనే ఐదుగురు రాగానే ఆ మాట తేలిపోయింది. వాళ్లలో వాక్స్ అకుమా 2022 మేలో చైనా సైట్ బిలిబిలిలో చేసిన తొలి ప్రసారానికి ఒక్క పూటలోనే పది లక్షల యువాన్లకు పైగా కానుకలు వచ్చినట్టు వార్తలొచ్చాయి. అంటే గిరాకీ లేక కాదు, ఆ శ్రోతలు ఎవరో పరిశ్రమకు తెలియక అంత ఆలస్యమైంది.

ఆ శ్రోతలు నిన్న మొన్న పుట్టినవారూ కాదు. 1994లో జపాన్‌లో కోయీ కంపెనీ మహిళా బృందం తయారుచేసిన ఆంజెలీక్ అనే వీడియో ఆటతో, అమ్మాయి కథానాయికగా పలువురు యువకుల మధ్య కథ నడిపించే ఆటలు మొదలయ్యాయి. వాటిలో పాత్రలకు గొంతునిచ్చిన నటులకే ప్రత్యేక అభిమానులు ఏర్పడ్డారు. గొంతును ప్రేమించడం మనకు మాత్రం కొత్తా? తెరమీద రాజశేఖర్‌ను చూస్తూ సాయికుమార్ కంఠానికి చప్పట్లు కొట్టినవాళ్లం. అయితే డబ్బింగ్ గొంతు రాసిచ్చిన సంభాషణ దాటి పోదు. వీట్యూబర్ గొంతు చాట్‌లో పడిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబిస్తుంది, ఆటలో ఓడితే విసుక్కుంటుంది, స్నేహితుణ్ని ఆటపట్టిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. ఇక్కడ చూసే అమ్మాయిని ఎవరూ తిరిగి చూడరు. ఆమె రూపం, బట్టలు, వయసు ఎవరికీ అక్కర్లేదు. ఒక మగవాడి మాటల్లోని చనువును బెదురు లేకుండా, తనకు వద్దనుకున్న క్షణాన కట్టేసే వీలుతో, ఆమె ఆస్వాదించగలదు. బయట అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుంది?

అందమైన బొమ్మ చాలు, వెనుక ఎవరున్నా ఒకటే అనుకున్నవాళ్లకు 2019లో జపాన్‌లోనే దెబ్బ తగిలింది. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిల పాత్రలతో నడిచే గేమ్ క్లబ్ ప్రాజెక్ట్‌లో గొంతునిచ్చేవారిని మార్చారు. బొమ్మలు అవే, పేర్లు అవే. అయినా అభిమానులు భగ్గుమన్నారు. ప్లేవ్ విషయంలో దీనికి సరిగ్గా తిరగేసిన సాక్ష్యం కనిపిస్తుంది. వాళ్ల ప్రసారాల్లో అప్పుడప్పుడు కదలికలు పట్టే యంత్రం తప్పి చేయి వంకర తిరుగుతుంది, ఒళ్లు గాల్లోకి లేస్తుంది. బొమ్మ చెడిపోయింది కాబట్టి జనం పోవాలి. కానీ అవతల ఆ ఐదుగురూ పగలబడి నవ్వుతుంటే, అభిమానులు ఆ ముక్కలనే కత్తిరించి పదే పదే చూసుకుంటారు. బొమ్మ చిరిగిన చోట మనిషి కనిపించడమే వాళ్లకు ఇష్టం. 2024 మార్చిలో కొరియా టీవీ చానల్ ఎంబీసీ వారి షో! మ్యూజిక్ కోర్ కార్యక్రమంలో ముఖాలున్న గాయకులను దాటి ప్లేవ్ మొదటి స్థానం గెలిచింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆల్బమ్ తొలి వారంలోనే పది లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది.

ఇదంతా ఒంటరితనాన్ని సొమ్ము చేసుకోవడమేగా అని అడిగేవారున్నారు. ఆ మాటలో నిజం ఉంది, దాన్ని దాచకూడదు. డబ్బు కట్టి పంపిన సందేశం చాట్‌లో రంగుతో మెరుస్తుంది, అది పంపినవారి పేరును స్ట్రీమర్ చదువుతాడు. ఆ ఒక్క పిలుపు కోసం స్తోమతకు మించి ఖర్చుపెట్టే ప్రమాదం ఉంది. నెలకు ఇంతకు మించి పంపకుండా పరిమితి పెట్టడం కంపెనీలకు చేతకానిదేమీ కాదు, పెట్టాలి కూడా. కానీ అభిమానులంతా భ్రమలో ఉన్నారనడం అన్యాయం. బొమ్మ బొమ్మేనని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. పైగా వాళ్లు ఒంటరిగా కూర్చునే గుంపు కాదు. బొమ్మలు గీస్తారు, ఇతర భాషలవారి కోసం మాటలను అనువదిస్తారు, ఒకరినొకరు పలకరించుకుంటారు. అందరూ ప్రేమ కోసం వచ్చేవారూ కాదు. కుజుహాను అపెక్స్ లెజెండ్స్ ఆటలో నేర్పు చూసి ఇష్టపడే అబ్బాయిలూ ఉన్నారు. సినిమా హీరో కటౌట్‌కు పాలాభిషేకం చేసే కుర్రాణ్ని వెర్రివాడనడానికి వెనకాడే సమాజం, ఒక గొంతును మెచ్చుకున్న అమ్మాయిని మాత్రం జబ్బుమనిషిగా చూడటం న్యాయం కాదు.

రేపు కృత్రిమ మేధ ఈ గొంతుల పని పట్టదా అన్నది రెండో ప్రశ్న. కొంత కాలక్షేపం అటు మళ్లవచ్చు. కానీ విసుక్కోవడానికి అలసట ఉండాలి, పగలబడి నవ్వడానికి ఎదుటివాడితో స్నేహం ఉండాలి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది యంత్రం కాదు, ఒప్పంద పత్రం. పెద్ద సంస్థల్లో బొమ్మ, పేరు సాధారణంగా కంపెనీవే. ఒప్పందం ముగిసి వెళ్లిపోయేవాడు ఏళ్లపాటు సంపాదించుకున్న ఆ పేరును వాడుకోలేడు. లక్సియంలోని మిస్టా రయాస్ 2023లో తప్పుకున్నప్పుడు ఆ పాత్ర అక్కడితో ఆగిపోయింది. ఇలా వెళ్లిన చాలామంది కొత్త బొమ్మతో, కొత్త పేరుతో మళ్లీ మొదలుపెడతారు. పాత అభిమానులు గొంతు విని వాళ్లను గుర్తుపట్టి అక్కడికి చేరతారు, వాళ్లకు చిక్కు రాకూడదని చాట్‌లో పాత పేరు ఎత్తరు.